మచ్చు మింగని నోరు

మా మామయ్య నోట్లో వేసుకున్నవాటిలో మింగినవి తక్కువ, ఉమ్మినవి ఎక్కువ. ఇది జబ్బు చేశాక వచ్చిన సంగతి కాదు. జబ్బుకు ముందు అన్నేళ్ళూ ఆయన వ్యాపారమే అది.

ఉస్మాన్‌గంజ్‌లో మా అత్తవారిది కిరాణా సరుకుల హోల్‌సేల్ కొట్టు. ముందు కొట్టు, వెనక గోదాము, పైన ఇల్లు. జీలకర్ర, వాము, సోంపు, ధనియాలు బస్తాల్లో వచ్చి బస్తాల్లోనే పోయేవి. తొంభైల మొదట్లో నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. పుట్టింటికి వెళితే నా చీరలు వాము వాసన కొడుతున్నాయని నవ్వేవారు. కొన్నాళ్ళకు నాకా వాసన తెలియకుండా పోయింది. మా అత్తమ్మ మాత్రం నన్ను ఆ ఇంటి మనిషిగా ఒప్పుకోవడానికి తొందరపడలేదు. పప్పులో పోపు కాస్త తేడా వస్తే చాలు, "పరాయింటి పిల్లకు మన రుచులేం తెలుస్తయి" అనేది. కోపంగా కాదు, వాన పడుతోంది అన్నట్టు అనేది.

మెట్ల మలుపులో ఒక చెక్క జాలీ ఉండేది. బేరాల వేళ ఆడవాళ్ళు కిందికి దిగే ఆచారం లేదు గానీ, జాలీ దగ్గర కూర్చుని బియ్యం ఏరుకుంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. కొట్టు సంగతులన్నీ నేను అక్కడే నేర్చుకున్నాను.

దళారులు కాగితం పొట్లాల్లో మచ్చు తెచ్చేవారు. పొట్లం మీద నమ్మకం కుదరకపోతే మామయ్య ఇనుప గొట్టం తీసుకుని బస్తా పొట్టలో గుచ్చేవారు. గొట్టం వెంట గింజలు జారి అరచేతిలో పడేవి. నాలుగు గింజలు నాలుక మీద వేసుకుని, ముందు పళ్ళతో కొరికి, కళ్ళు మూసుకునేవారు. తర్వాత పక్కనున్న ఇత్తడి ఉగాల్దాన్‌లో ఉమ్మి, అప్పుడు నోరు విప్పేవారు. "పోయినేడుది. కొత్తదాంట్ల కలిపిన్రు" అనో, "గిది మంచిగున్నది" అనో. ఎంత మంచిదైనా మచ్చును మింగేవారు కాదు. మచ్చు మింగితే సరుకు కొన్నట్టేనని ఆ కొట్లో లెక్క.

సరుకు నచ్చితే బేరం. అది నోటితో జరిగేది కాదు. మామయ్య, దళారి ఎదురెదురుగా కూర్చుని కుడిచేతులు కలిపేవారు. ఆ చేతుల మీద రుమాలు కప్పేవారు. రుమాలు కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని రేటు చెప్పుకునేవారు. చుట్టూ ఎంతమంది నిలబడి ఉన్నా ఎవరికీ అంతు తెలిసేది కాదు. రుమాలు కింది మాట పైకి చెప్పకపోవడం బజారు మర్యాద. చేతులు విడిపడ్డాక మామయ్య అదే సరుకులోంచి చిటికెడు తీసి నోట్లో వేసుకుని, అప్పుడు మింగేవారు. అదే సంతకం. ఆ తర్వాత ఇద్దరూ మాట తప్పేది లేదు.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు ఆయాసం ఎక్కువగా ఉండేదని నాన్న ఇంట్లోనే పలక పెట్టి తెలుగు, లెక్కలు, కొంచెం ఇంగ్లీషు నేర్పాడు. ప్రతిరోజూ పలక పట్టుకునే ముందు, ఆ రోజు మనకు మేలు చేసిన వాళ్ళొకరిని తలచుకుని దేవుడికి దండం పెట్టమనేవాడు. పాలు పోసే ఆమె అయినా సరే, వాకిట్లో నీడనిచ్చిన గోడ అయినా సరే. ఆ అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు. ఈ సంగతి రాయాలనుకోవడం కూడా అందుకే. ఇందులో తలచుకోవలసిన వాళ్ళు కొందరున్నారు. వాళ్ళలో ఒకరిని నేను ఎన్నడూ చూడలేదు.

రెండు వేలు దాటిన కొత్తలో, వానాకాలం ఉదయం, మామయ్య స్నానాల గదిలో పడిపోయారు. ఆస్పత్రిలో పక్షవాతం అన్నారు, బజారులో లక్వా అన్నారు. ఎడమ కాలు, ఎడమ చెయ్యి వశం తప్పాయి. మాట ముద్దగా వచ్చేది గానీ అర్థమయ్యేది. కుడిచెయ్యి బాగుంది, బుద్ధి బాగుంది. పైకి కనపడకుండా పోయినది మింగే శక్తి. చిక్కటి జావ చెంచాతో పోస్తే నిదానంగా దిగేది. నీళ్ళు గుక్కెడు పోసినా పొలమారి, దగ్గి దగ్గి ముఖం నల్లబడేది.

ఆస్పత్రిలో ఉండగా ఒకసారి ఫిట్స్ వచ్చాయి. మళ్ళీ రాకుండా రోజూ ఒక మాత్ర పడాలన్నారు. మిగతా మందుల్ని పొడి చేసి జావలో కలపవచ్చు. ఈ మాత్రను పొడి చేయకూడదు, నీళ్ళతో మింగాలి. ఆ నీళ్ళే ఆయనకు పడవు.

ఇంటికి వచ్చాక మూసీ అవతలి డాక్టరు దగ్గరికి ఆటోలో తీసుకెళ్ళాం. ఆయనది కోస్తా ప్రాంతం. మనిషి నెమ్మది.

"చూడండమ్మా, మీరు మాత్రతో పోసే నీళ్ళు పొట్టలోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి. అది ఇంకా ప్రమాదం. నాలుక మీద పెడితే కరిగిపోయే మాత్రలు ఇప్పుడు వస్తున్నాయి. నీళ్ళక్కర్లేదు. నోట్లో ఊరే తడితోనే కరిగి, దాంతోనే కాస్త కాస్తగా దిగుతుంది. అది కూడా లోపలికి పోకపోతే మాత్రం ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేయాల్సిందేనండీ. ఈ సోమవారం కాక పై సోమవారం తీసుకురండి, చూద్దాం."

గొట్టం అన్న మాటకు మామయ్య తల ఎత్తారు.

"నేనేమన్న బస్తానా, గొట్టం గుచ్చనీకె?"

డాక్టరు నవ్వారు. మాకు నవ్వు రాలేదు. ఆటో నయాపూల్ వంతెన ఎక్కుతుంటే మామయ్య మా ఆయన చొక్కా పట్టుకున్నారు. "ముక్కుల గొట్టం పెట్టనియ్యకురా. ఈ నోటితోనే ఇల్లు కట్టిన. నోరు బందైనంక నేనేమున్నట్టు?" అన్నారు.  నేను మనసులో దేవుణ్ణి ఒకటే అడిగాను. ఆయన నోరు ఆయనకు ఉంచమన్నాను.

అఫ్జల్‌గంజ్‌లో మేము ఎప్పుడూ మందులు తెచ్చుకునే దుకాణం ఉంది. దాని యజమాని తెల్ల గడ్డం పెద్దమనిషి. చీటీ చూసి లోపలి అరలోంచి చిన్న మాత్రల పట్టీ తీశాడు. "పానీ నక్కో బెహెన్. జబాన్ పే రఖో, బస్. బత్తాసా జైసా ఘుల్ జాతీ" అన్నాడు. నీళ్ళొద్దు, బత్తాసాలాగా అదే కరిగిపోతుంది. పట్టీ చేతికిస్తూ నా వేళ్ళ వైపు చూశాడు. వానలో తడిసి ఉన్నాయి. "గీలా హాత్ బిల్కుల్ నక్కో. హాత్ మేఁచ్ ఘుల్ జాతీ." తడి చేత్తో ముట్టుకుంటే చేతిలోనే కరిగిపోతుందని రెండుసార్లు చెప్పాడు. పట్టీ వెనక ఇంగ్లీషులో రాసినది కూడబలుక్కుని చదివాను. మామూలు మాత్రలా నొక్కి బయటికి తోయకూడదు, వెనక రేకును ఒలిచి తీయాలి.

మర్నాడు పూజ అయ్యాక చెయ్యి తుడుచుకుని రేకు ఒలిచాను. తెల్లటి చిన్న బిళ్ళ. ముగ్గుపిండిని అదిమి చేసినట్టుంది, బరువే లేదు. దీన్ని మొదట చేయాలని అనుకున్న మనిషి ఎవరో నాకు తెలియదు. వాళ్ళింట్లోనూ ఎవరో మింగలేక ఇబ్బంది పడి ఉంటారు అనుకున్నాను. ఆ రోజు దండం వాళ్ళకు పెట్టాను.

మామయ్య నాలుక చాపారు. బిళ్ళ పెట్టాను. ఆయన నోరు మూసి, కళ్ళు మూశారు. ముందు పళ్ళు కదిలాయి. నాలుక బుగ్గల్లో ఒకసారి తిరిగింది. తర్వాత కుడిచెయ్యి చాచి ఉగాల్దాన్ దగ్గరికి లాక్కుని ఉమ్మేశారు.

"పైన పుదీన. అడుగున చేదు. కల్తీ మాల్" అన్నారు.

"బాపూ, గది మచ్చు కాదు. మందు" అన్నారు మా ఆయన.

"తెలుసురా."

"తెలిస్తే ఎందుకు ఉమ్మినవ్?"

మామయ్య కుడిచేత్తో మూతి తుడుచుకున్నారు. "నేను ఉమ్మలే. నోరే ఉమ్మింది" అన్నారు.

అది అబద్ధం కాదని మర్నాడు తెలిసింది. ఉగాల్దాన్ అందకుండా దూరంగా పెట్టాం. ఆయన మింగాలనే కూర్చున్నారు. "మామయ్యా, ఉమ్మకుండ్రి" అని నేను అంటూనే ఉన్నాను. రుచి నాలుకకు తగలగానే పెదాలు వాటంతటవే ముందుకు వచ్చాయి. దుప్పటి మీద పడింది. మామయ్య నా ముఖం చూడలేదు. ఎంత లోపలికి పోయిందో తెలియనప్పుడు రెండో బిళ్ళ వేయవద్దని దుకాణం పెద్దమనిషి చెప్పి ఉన్నాడు. కాబట్టి ఆ రోజుకు అంతే.

అప్పుడు అత్తమ్మకు ఒక ఆలోచన వచ్చింది.

"ఎంత రుచి లేకున్నా ప్రసాదం ఉమ్మిన మనిషిని చూసినవా? దేవుని ముంగట పెట్టి, ప్రసాదమని ఇయ్యి."

నేను వెంటనే ఒప్పుకోలేదు. మందును ప్రసాదమని చెప్పి మింగించడం దేవుడి పేరు మీద అబద్ధమాడినట్టు అనిపించింది. రాత్రంతా కాదు గానీ, గిన్నెలు తోముకున్నంతసేపు ఆలోచించాను. మందు గంగ లాంటిది, వైద్యుడు నారాయణుడు అని నాన్న చెప్పేవాడు. ఆ లెక్కన నిజంగానే దేవుడి ముందు పెట్టి, నిజంగానే దండం పెట్టుకుని ఇస్తే అబద్ధం లేదు. పట్టీని పళ్ళెంలో పెట్టాను. హారతి ఇచ్చాను. మామయ్యకు కూడా చెప్పాను, ఇది మాత్రే, దేవుడికి చూపించి తెచ్చానని. ఆయన తల ఊపారు. నాకంటే ఆయనే ఎక్కువ కోరుకుంటున్నారు.

అత్తమ్మ ముందు తీర్థం ఇచ్చింది. పొలమారుతుందని ఉద్ధరిణితో ఒక్క చుక్కే ఆయన అరచేతిలో వేసింది. ఆయన దాన్ని పెదవులకు తాకించుకున్నారు. నేను రేకు ఒలిచి బిళ్ళను చెంచాలోకి తీశాను. ఆయన అలవాటు ప్రకారం అదే అరచెయ్యి చాచారు. ప్రసాదాన్ని చేత్తో పుచ్చుకోవాలి కదా. నేనూ అలవాటు ప్రకారమే చేతిలో వేశాను. ఆయన దాన్ని కళ్ళకద్దుకోబోయేసరికి అరచేతిలో తెల్లటి ముద్ద మిగిలింది. ముగ్గురం దాన్ని చూశాం. తీర్థం తడి ఉన్న చేతిని ఏం చేస్తామో మామయ్య అదే చేశారు. నెత్తికి రాసుకున్నారు.

అత్తమ్మ ఉద్ధరిణి పళ్ళెంలో పెట్టింది.

"ఇగ నీ జుట్టుకైతె ఫిట్స్ రావు తియ్యి" అంది అత్తమ్మ.

మామయ్య వంకర నోటితో నవ్వారు. పడిపోయాక ఆయన నవ్వడం నేను అప్పుడే చూశాను. మాత్ర మాత్రం ఆ రోజు కూడా లోపలికి పోలేదు.

ఆదివారం సాయంత్రం ఆయన ఎడమచెయ్యి దానంతటది కొట్టుకోవడం మొదలుపెట్టింది. తొందరగానే ఆగింది. మా ఆయన ఫోన్ చేస్తే డాక్టరు నిదానంగానే మాట్లాడారు. "అది హెచ్చరికండీ. రేపటి నుంచైనా మాత్ర పూర్తిగా లోపలికి వెళ్ళాలి. వెళ్ళకపోతే పై సోమవారం గొట్టం వేసేద్దాం. ఇంక ఆలోచించొద్దు" అన్నారు. మా ఆయన ఫోన్ పెట్టేసి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పారు. మామయ్య గోడవైపు తిరిగి పడుకున్నారు.

మర్నాడు పొద్దున దళారి వచ్చాడు. మామయ్యతో పాటు ముసలివాడైన మనిషి. కొట్టు మొదలైన నాటి నుంచీ మచ్చు తెచ్చేది అతనే. పిల్లలు చాచా అంటారు, నేనూ అదే అనేదాన్ని. అన్నేళ్ళలో కొట్టు దాటి పైకి రావడం అదే మొదలు. గుమ్మం బయట ఆగి, చెప్పులు విడిచి దగ్గాడు.

"రా అన్నా, మాకు పర్దా ఎక్కడిది" అంది అత్తమ్మ.

అతను మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

"ఏంది సేఠ్, మార్కెట్ల మస్తు లొల్లి ఉన్నది. ఉస్మాన్‌గంజ్ నాలుక పడిపోయిందంటున్నరు."

"నాలుక బానే ఉన్నది. గొంతు పడిపోయింది."

"గంతేనా. ఫికర్ ఎందుకు మరి? నీకు గొంతుతోని ఏం పని, నువ్వెన్నడన్న మింగినవా?"

మామయ్య భుజాలు కదిలాయి. నవ్వు పూర్తి కాకముందే దగ్గు వచ్చింది. అత్తమ్మ వీపు రాసింది. ఆమె అతనికి సంగతంతా చెప్పింది, ఫిట్స్, గొట్టం, పుదీనా, నెత్తికి రాసుకున్న ప్రసాదం, ఏదీ దాచలేదు. చాచా చివరిదాకా విని, గడ్డం గోక్కున్నాడు.

"మీది తప్పు చెల్లె. బేరం కాకుండ, సౌదా కాకుండ మాల్ నోట్లేస్తున్నరు. ఆయనెట్ల మింగుతడు? మచ్చు మింగితే ఏమైతదో ఆ నోటికి ఎరికె."

భుజం మీది రుమాలు తీసి దులిపాడు. కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకున్నాడు.

"పట్టు సేఠ్."

మామయ్య అతని వైపు చూశారు. కుడిచెయ్యి దుప్పట్లోంచి బయటికి వచ్చింది. చాచా రుమాలు కప్పాడు.

రుమాలు అక్కడక్కడా కదలడం తప్ప మాకేమీ కనపడలేదు. మామయ్య ఒకసారి తల అడ్డంగా ఊపి చెయ్యి వెనక్కి లాక్కున్నారు. "అరె, కూసో సేఠ్, లేస్తున్నవేంది" అన్నాడు చాచా, లేవలేని మనిషితో. మళ్ళీ చేతులు కలిశాయి. కింద హమాలీలు బస్తాలు దించుతున్న చప్పుడు వినిపిస్తోంది. మామయ్య ముఖం జాలీలోంచి నేను రోజూ చూసిన ముఖంలా ఉంది. కనుబొమలు దగ్గరగా, కళ్ళు ఎదుటి మనిషి కళ్ళలో.

"పక్కా?"

"పక్కా" అన్నారు మామయ్య.

"ఇయ్యి బేటీ" అన్నాడు చాచా.

నేను చేతులు కొంగుకు తుడుచుకుని రేకు ఒలిచాను. నాలుక మీద పెట్టాను. మామయ్య నోరు మూశారు, కళ్ళు మూశారు. పళ్ళు కదిలాయి. అత్తమ్మ ఉగాల్దాన్ పట్టుకుని నిలబడే ఉంది. అందరం ఆయన గొంతు వైపే చూస్తున్నాం. కంఠమణి పైకి వెళ్ళింది, ఆగింది, కిందికి దిగింది. కాసేపటికి ఇంకోసారి.

చాచా నోరు తెరవమన్నాడు. నాలుక మీద ఏమీ లేదు.

"చేదున్నది. రేటు ఎక్కువిచ్చిన" అన్నారు మామయ్య.

అత్తమ్మ ఉగాల్దాన్ కింద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపు రాలేదు. చాచాకు టీ నేనే ఇచ్చాను.

ఆ తర్వాత నాలుగు రోజులు అతను కొట్టు తెరిచే వేళకు పైకి వచ్చి, బేరం చేసి, టీ తాగి వెళ్ళేవాడు. మాత్ర పోయేది. ఎడమచెయ్యి మళ్ళీ అదరలేదు. శుక్రవారం అతను బీదర్ వెళ్ళవలసి వచ్చింది, మేనకోడలి పెళ్ళి. వెళ్ళేముందు మా ఆయనను కూర్చోబెట్టి పట్లు నేర్పాడు. గుమ్మం దగ్గర నిలబడి నేనూ విన్నాను. ఒక వేలు పడితే ఇంత, రెండు పడితే ఇంత, వేలి కొన పడితే అర.

"గుప్పిట మొత్తం పట్టుకుంటే?" అని అడిగారు మా ఆయన.

"అంటే బేరమాడుడు లేదన్నట్టు. నువ్వెంతంటే గంత. ఆ పట్టు మీ బాపు దగ్గర నేనింతదాంక చూడలే" అని నవ్వాడు చాచా.

మర్నాడు మా ఆయన రుమాలు తీసుకుని ఎదురుగా కూర్చున్నారు. మామయ్య చెయ్యి బయటికి తీయలేదు.

"కొడుకుతోని బేరమేందిరా. నీది నాది ఒకటే కొట్టు. ఈ గల్లల తీసి ఆ గల్లల ఏసుడు బేరమైతదా?"

"ఊకె అనుకో బాపూ. ఉత్తగ."

"నేను అనుకుంట. నోరు అనుకోవద్దా?"

మా ఆయన విసుగ్గా రుమాలు భుజాన వేసుకున్నారు. సోమవారం రెండు రోజులుంది. అత్తమ్మ ముందుకు వచ్చింది. "పోనీ నేను పట్టనా?"

"నీతోని బేరం నేనెన్నడు గెలిచిన? వద్దు."

అత్తమ్మ గదంతా చూసింది. పట్టీ పట్టుకుని నిలబడి ఉన్న నా దగ్గర ఆమె చూపు ఆగింది.

"పరాయింటి పిల్ల నువ్వొక్కదానివే ఉన్నవు" అంది. కొడుకు భుజం మీది రుమాలు తీసి నా చేతిలో పెట్టింది. "ఇన్నేండ్లకు పనికొచ్చింది."

ఆ ఇంట్లో అప్పటిదాకా నేను మామయ్య ఎదుట కూర్చుని ఎరగను. జావ తాగించేటప్పుడు కూడా పక్కగా నిలబడేదాన్ని. అందుకని కింద చాప మీద కూర్చున్నాను.

"కింద కూసుంటే గది బేరం గాదు బిడ్డా. అడుక్కున్నట్టుంటది. ఎదురుంగ కూసో."

మా ఆయన కుర్చీ జరిపారు. కూర్చున్నాను. చెయ్యి కొంగుకు తుడుచుకుని, మనసులో దండం పెట్టుకుని, ముందుకు చాపాను. మామయ్య చెయ్యి నేననుకున్నంత గరుకుగా లేదు, మంచాన పడ్డాక మెత్తబడింది. రుమాలు కప్పారు. ఆయన నా వేలు ఒకటి పట్టుకున్నారు. నాకు గుర్తున్నదల్లా పెట్టి నేను రెండు పట్టాను. ఆయన కనుబొమలు లేచాయి. మళ్ళీ ఒకటి పట్టారు. నేను తల అడ్డంగా ఊపాను, చాచాతో ఆయన ఊపినట్టే. రుమాలు కింద కొంతసేపు నడిచింది. చివరికి ఒకటిన్నర దగ్గర ఇద్దరం ఆగాం. దేనికి ఒకటిన్నరో నాకు ఇప్పటికీ తెలియదు.

"మా ఇంట్ల ఇంత గట్టిది ఉన్నదని చెప్పలేదేంది నాకు" అన్నారు మామయ్య, అత్తమ్మతో. తర్వాత నాలుక చాపారు.

మాత్ర కరిగింది. గొంతు కదిలింది. ఉమ్మలేదు.

ఆదివారం కూడా అంతే. సోమవారం డాక్టరు ఆయన నోరు చూశారు, గొంతు మీద వేళ్ళు పెట్టి మింగించి చూశారు, ఛాతీ విన్నారు. నీళ్ళు ఇంకా వద్దన్నారు, జావ ఇంకొంచెం పెంచమన్నారు. అందరం డాక్టరు నోటివైపే చూస్తున్నాం.

"గొట్టం అవసరం లేదండీ ఇప్పుడు. మాత్ర బాగానే పోతోంది. ఎలా అలవాటు చేశారు?"

"బేరం చేసినం సార్" అంది అత్తమ్మ.

డాక్టరు మా ఆయన వైపు చూశారు. మా ఆయన అవునన్నట్టు తల ఊపారు. "సరే, ఏం చేస్తున్నారో అదే చేయండి" అని ఆయన చీటీ రాశారు. తిరుగు ప్రయాణంలో నయాపూల్ మీద మామయ్య ఎవరి చొక్కా పట్టుకోలేదు. ధూల్‌పేట్ నుంచి వినాయకుడి విగ్రహం ఎక్కించుకున్న ట్రాలీ ఒకటి అడ్డం వచ్చి ఆటో ఆగితే, ఆయన కుడిచెయ్యి ఎత్తి దండం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను.

చాచా బీదర్ నుంచి తిరిగి వచ్చిన రోజు పొద్దున్నే పైకి వచ్చాడు. రుమాలు దులుపుతూ కుర్చీ దగ్గరికి నడిచాడు.

"నువ్వు గా బల్ల మీద కూసో" అన్నారు మామయ్య. "నా సౌదా కోడలితోని నడుస్తున్నది."

"అచ్ఛా. పాత దళారిని తీసేసినవా సేఠ్?"

"నువ్వు చూస్తుండు. నేర్చుకో."

చాచా నవ్వుకుంటూ వెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు. నేను ఎదురుగా కూర్చుని చెయ్యి చాచాను. రుమాలు కప్పాక రోజూలాగే ఒక వేలో రెండు వేళ్ళో పడతారని చూస్తున్నాను. ఆయన పట్టలేదు. నా గుప్పిట మొత్తాన్ని తన చేతిలోకి తీసుకుని పట్టుకున్నారు. నేను ఆయన ముఖం చూశాను. అందులో ఏమీ లేదు, బేరమాడే ముఖమే. ఆ పట్టుకు ఎదురు ఏం పట్టాలో చాచా చెప్పలేదు. నేను చెయ్యి కదలకుండా ఉంచాను. కాసేపటికి ఆయనే వదిలారు. ఇప్పుడు ఆయనా లేరు, చాచా కూడా లేడు. అందుకే ఇంతమాత్రం రాయగలుగుతున్నాను.

చెయ్యి తుడుచుకుని రేకు ఒలిచి బిళ్ళను నాలుక మీద పెట్టాను.

"ఎంతకు తెగింది?" అని అడిగాడు చాచా బల్ల మీది నుంచి.

రుమాలు కింది మాట పైకి చెప్పకూడదని అతనికి తెలియనిది కాదు. ఊరికే అడిగాడు. మామయ్య నోరు మూసుకుని ఉన్నారు, మాత్ర కరుగుతోంది. నేను రుమాలు మడిచి పెట్టాను.